గుమ్మి సన్నబడిన నెల

మా చిన్నతనంలో మా గల్లీలో మనిషిని తూచే కాంటా ఎవరింట్లోనూ లేదు. తూకమంటే కట్టెలకు, తవుడుకు, పల్లిచెక్కకు. ఆడపిల్ల లావైందా సన్నబడిందా అన్నది గాజులే చెప్పేవి. పోయిన పండుగకు ఎక్కిన సైజు ఈ పండుగకు ఎక్కకపోతే లావైనట్టు, మోచేతి దాకా జారితే చిక్కినట్టు. ఇక తెలుపు నలుపుల సంగతి తేల్చడం ఇంకా కష్టం. మా ఇంట్లో ఉన్న అద్దం అరచెయ్యంత. అందులో ఒకసారికి ఒక చెంపే కనబడేది. కుడి చెంప చూసుకుని ఎడమ చెంపకు తిరిగేసరికి కుడిది ఎట్లా ఉందో మరిచిపోయేదాన్ని. అందుకని నా ముఖం ఎట్లా ఉందో ఇరుగుపొరుగువాళ్ళే చెప్పాలి, వాళ్ళు కూడా ఏ మొహమాటమూ లేకుండా చెప్పేవాళ్ళు. ఇప్పటి పిల్లలు క్రీము ట్యూబు మీద రాసింది నమ్ముతారు, మేము ఎదురింటి ముసలమ్మ అన్నది నమ్మేవాళ్ళం. (రెండింట్లో ఏది పెద్ద అబద్ధమో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.)

మాది పాల ఇల్లు. చార్మినార్‌కు నడిచి పోయేంత దూరంలో, ముందు రెండు గదుల్లో మేము, వెనక కొట్టంలో బర్రెలు. పొద్దున్నే మా బాపు, అన్న పాలు వేసి రావడానికి పోతే, అమ్మ, వదిన, నేను పేడ తీయడం, దాణా కలపడం, పెరుగు తోడు పెట్టడం. పాల మీద కట్టిన మీగడలో నా వంతు ఎప్పుడూ నాకు అందేది, ఎవరూ చూడనప్పుడు మిగతావాళ్ళ వంతు కూడా నాకే అందేది. అట్లా పెరిగిన దాన్ని కాబట్టి గల్లీ మొత్తానికి నేను గుమ్మిని. (గుమ్మి అంటే వడ్లు పోసి దాచుకునే పెద్ద బుట్ట. పిల్లకు పెట్టే పేరు కాదు, అయినా పెట్టారు, నేను పలికాను.) రంగు మాట వస్తే మాత్రం, మా కొట్టంలో నన్ను నిలబెడితే వెతుక్కోవాలని మా అన్న అనేవాడు.

గోడకు అవతలి ఇల్లు నన్నీ వాళ్ళది. వాళ్ళ నాన్న జరీ పని చేసేవాడు. వాళ్ళమ్మను మేమంతా ఖాలా అనేవాళ్ళం. రెండిళ్ళ మధ్య గోడలో ఒక చిన్న కిటికీ ఉండేది. మా వైపు నుంచి పాలు అటు పోయేవి, వాళ్ళ వైపు నుంచి పండుగలప్పుడు ఖీర్ గిన్నె ఇటు వచ్చేది, మిగిలిన రోజుల్లో నేనూ నన్నీ చెరో పక్క నిలబడి ముచ్చట్లు పెట్టుకునేవాళ్ళం. ఆమె తెలుగు సగం ఉర్దూ, నా ఉర్దూ మొత్తం తెలుగు, అయినా ఒకరి మాట ఒకరికి అర్థం కాని రోజంటూ లేదు. నన్నీ నాజూకు పిల్ల, తెల్లని ముఖం, చేతులు చూస్తే ఇంత చిన్న చేతులతో రొట్టెలు ఎట్లా చేస్తుందా అనిపించేది.

మా ఇద్దరికీ పదహారేళ్ళు దాటుతుండగా నన్నీకి ఔరంగాబాద్ సంబంధం ఖాయమైంది. ఆ రోజు నుంచి ఆమెను గడప దాటనియ్యలేదు. ఆఖరికి కిటికీ దగ్గర నిలబడినా ఖాలా లోపలికి పిలిచేది. నాకేమో బర్రెలతోనే సరిపోయేది. ఔరంగాబాద్ నాకు అప్పట్లో సముద్రం అవతలి ఊరు లాంటిది. రైలెక్కి పోవాలంటారు, పోయినాక మళ్ళీ కాన్పుకే వస్తుందంటారు. ఆ ఫికర్ ఎవరికీ చెప్పుకోలేదు. పాలు పిండుకుంటూ బర్రెకు చెప్పుకున్నాను.

వాళ్ళింట్లో మాంజా అనే వేడుక ఒకటి ఉంది. పెళ్ళికి ముందు పిల్లకు పసుపు బట్టలు కట్టి కూర్చోబెట్టి చిక్సా రాస్తారు, మనం నలుగు పెట్టినట్టే. పసుపు, సుగంధపు పొడులు, నూనె కలిపి నూరిన ముద్దను చిక్సా అంటారు. ఖాలా వాళ్ళ ఖాందాన్ రివాజు ప్రకారం ఆ రోజు పెళ్ళికూతురి పక్కన ఒక ఆడపిల్ల కూర్చోవాలి, ఇద్దరి చేతులకూ ఒకే జోడా లక్క గాజులు ఉండాలి. సగం ఈమెకు, సగం ఆమెకు. పక్కన కూర్చునే హక్కు వరసకు నన్నీ మామ బిడ్డది. ఆ పిల్ల ఎంత సన్నగా ఉండేదంటే మేము అగర్‌బత్తీ అనేవాళ్ళం. కానీ నన్నీ మొండికేసి, గుమ్మి కూర్చోకపోతే నేను కూడా కూర్చోనని చెప్పేసింది. ఖాలా సరేనంది కానీ ఒక మెలిక పెట్టింది. గాజులు గుమ్మి చేతికి ఎక్కాలి. ఎక్కకపోతే మాత్రం అగర్‌బత్తీయే.

గాజులకని ఖాలా, నన్నీ, నేను ముగ్గురం రిక్షాకు పరదా కట్టించుకుని చార్మినార్ దగ్గరి గాజుల బజారుకు పోయాం. (రిక్షా లాగేవాడు పరదా ఎత్తి ఎవరెవరు ఎక్కారో చూడలేడు కాబట్టి సరిపోయింది. దారి పొడుగునా లోపల ఎందరున్నారని అడుగుతూనే ఉన్నాడు.) దుకాణంలో ఒక ముసలామె బొగ్గుల కుంపటి ముందు కూర్చుని మెత్తబడ్డ లక్కను కర్రకు చుట్టి గాజులు చేస్తోంది. నన్నీ చెయ్యి పట్టుకుని మురిసిపోయింది. నా చెయ్యి పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి, "యే హాత్ హై కీ నాన్ హై, అమ్మా" అని ఖాలాను అడిగింది. ఇది చెయ్యా, నాన్ రొట్టా అని. నాన్ ఎంత ఉబ్బుతుందో నాకు తెలుసు కనుక నాకు కోపం రాలేదు. పెద్ద సైజు జోడా ఒకటి చూపించింది. అవి నాకు ఎక్కుతాయి, నన్నీకి కొంచెం వదులైనా నిలుస్తాయి. కానీ నన్నీ ససేమిరా అంది. ఎర్రటి లక్క మీద అద్దం ముక్కలు అతికిన జోడా, తన సైజుదే కావాలంది. ఖాలా కోప్పడింది, ముసలామె నవ్వింది, నేనేమో లోలోపల నొచ్చుకున్నాను. పక్కన కూర్చోవాలంటుంది, మళ్ళీ నాకు ఎక్కని గాజులు కొంటుంది, ఇదెక్కడి దోస్తీ అనుకున్నాను. గాజులు వాళ్ళింట్లోనే పెట్టెలో ఉంటాయనీ, ఎక్కుతున్నాయో లేదో నేను రోజూ వచ్చి చూసుకుని పోవాలనీ నన్నీయే తీర్పు చెప్పింది. మాంజాకు ఇంకా నెల ఉంది.

ఆ నెలలో నన్ను సన్నగా చేసే బాధ్యత మా వదిన తీసుకుంది. మా వదిన మంచిది, కానీ డబ్బా మీద బొమ్మ ఉంటే చాలు, లోపల బూడిద ఉన్నా నమ్మేది. చార్మినార్ దగ్గర కళ్ళద్దాలాయన ఒకడు పెట్టె తెరుచుకుని నిలబడి మందులు అమ్మేవాడు. యుద్ధం రోజులు కదా, ఓడలు రావడం లేదు, ఇది ఆఖరి సరుకు, మళ్ళీ దొరకదు అని ప్రతి వారం అమ్మేవాడు. వదిన వాళ్ళ తమ్ముడి చేత అతని దగ్గర రెండు తెప్పించింది. ఒకటి నీలం గాజు సీసాలో తెల్లటి స్నో. అది రాసుకుంటే ముఖం చందమామ అవుతుంది. రెండోది రేకు డబ్బాలో పొడి. అది తాగితే కొవ్వు కరుగుతుంది. డబ్బా మీద రెండు బొమ్మలు, పొడి తాగక ముందు లావుగా ఉన్న ఆడమనిషి, తాగిన తర్వాత తీగలాంటి ఆడమనిషి. అమ్మ డబ్బాను వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. అమ్మకు అక్షరం రాదు, కానీ సంతలో బర్రెను కొనేటప్పుడు పళ్ళ నుంచి తోక దాకా చూసే కన్ను. ఇద్దరి ముక్కులూ వేరు, చెవులూ వేరు, ఈమె వేరు ఆమె వేరు అని చెప్పి డబ్బా కింద పెట్టేసింది. పొడి తాగితే ముక్కు కూడా సన్నబడుతుంది అత్తమ్మా అని వదిన సర్ది చెప్పింది. ఆ మాట నాకు కూడా సబబుగానే తోచింది.

సీసాతో వచ్చిన కాగితం మీద ఉర్దూలో రాసింది మాలో ఎవరికీ చదవరాదు. నన్నీ దగ్గరికి తీసుకుపోయి చదివించుకున్నాం. ఆమె దుపట్టా మూతికి అడ్డం పెట్టుకుని చదివింది. అది మర్యాద అనుకున్నాను, నవ్వు ఆపుకోవడమని తర్వాత తెలిసింది.

ఇక మొదలైంది. పొద్దున లేస్తూనే మజ్జిగలో పొడి కలుపుకుని తాగడం. కాస్సేపటికి కడుపులో బండి కదిలినట్టయ్యేది. అక్కడి నుంచి మధ్యాహ్నం దాకా నేను కొట్టం వెనక్కి పోవడం రావడం, పోవడం రావడం, బర్రెలు కూడా తలలు తిప్పి చూసేవి. కొవ్వు కరిగి పోతోంది, ఓర్చుకోమని వదిన ధైర్యం చెప్పేది. మధ్యాహ్నం ఓపిక తెచ్చుకుని ముఖానికీ, మోచేతుల దాకా చేతులకూ స్నో పట్టించేదాన్ని. ఒక్క ముఖమే తెల్లగా ఉండి చేతులు నల్లగా ఉంటే అతికించినట్టుంటుందని వదిన అంది, అందుకని చేతులకు కూడా. రోజురోజుకూ ఇంకొంచెం ఎక్కువే పట్టించేదాన్ని, రోజా వాసన వచ్చేది. అట్లా ఘుమఘుమలాడుతూ నన్నీ ఇంటికి పోయి, గాజు చేతికి పెట్టి చూసుకునేదాన్ని.

మొదట్లో బొటనవేలి ఎముక దగ్గరే ఆగిపోయేది. తర్వాత ఎముక మీదికి వచ్చింది. ఒక రోజు కొంచెం నెట్టగానే జర్రున ముంజేతికి దిగిపోయింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పొడి పనిచేసింది అని నేను ఇంటికి పరుగెత్తాను. నాకు ఆనందంతో కాళ్ళు వణుకుతున్నాయి. (పొద్దుటి నుంచి ఏమీ తినకపోవడం వల్ల కూడా కావచ్చు.) అప్పుడే ఎదురింటి ముసలమ్మ గడపలో కూర్చుని ఉండి, నన్ను ఆపి, గదవ పట్టుకుని ముఖం ఎండకు తిప్పి చూసింది. "తెల్లగైనవ్ బిడ్డా, నిజంగనే ఫరక్ కొడుతుంది" అంది. దాంతో స్నో కూడా పనిచేసినట్టే.

మా గల్లీలో ఫరక్, అంటే తేడా, అనే మాటకు కోర్టు తీర్పు అంత విలువ. ముసలమ్మ నోట వచ్చాక ఇక అప్పీలు లేదు. మర్నాటి నుంచి ఆడవాళ్ళు నన్ను చూడడానికి రావడం మొదలుపెట్టారు. నేను మంచం మీద చేరగిలబడి చెయ్యి చాపేదాన్ని. ఒకామె మణికట్టు పిసికి చూసేది, ఒకామె చెంప గిల్లేది. ఎన్నాళ్ళు తాగాలి, తీపి మానెయ్యాలా, బాలింతలు తాగొచ్చా అని అడిగితే, మస్తు అనుభవం ఉన్నదానిలా అన్నిటికీ జవాబు చెప్పాను. కళ్ళద్దాలాయన ఆఖరి సరుకు ఇంకోసారి తెప్పించాల్సి వచ్చింది. కొన్నాళ్ళకు పొద్దుటి పూట గల్లీలో ఏ ఆడమనిషి ఎదురైనా చేతిలో చెంబే కనబడేది. ఎవరూ ఎవరితోనూ నిలబడి మాట్లాడేవాళ్ళు కాదు. ఇంత నిశ్శబ్దంగా ఈ గల్లీని ఎన్నడూ చూడలేదని మా బాపు ఆశ్చర్యపోయాడు.

అమ్మ మాత్రం నమ్మలేదు. కొత్త దాణా పెట్టినప్పుడు అమ్మ ఒక పద్ధతి పాటించేది. తవుడు మారిస్తే పల్లిచెక్క మార్చదు, చెక్క మారిస్తే తవుడు ముట్టదు. రెండూ ఒక్కసారి మార్చితే పాలు దేనికి పెరిగాయో తెలియదంటుంది. ఆ మాటే నాతో కూడా అంది. నువ్వు తాగేది ఒకటి, పూసుకునేది ఒకటి, దేని గుణం ఏందో నీకెట్ల ఎరుక బిడ్డా అని. రెండూ మంచివే కదమ్మా, దేనిదైతే ఏమిటి అన్నాను నేను. అమ్మ గిన్నెలో ఇంత పెరుగన్నం కలిపి నా ముందు పెట్టింది. నేను దాన్ని కిటికీలోంచి నన్నీకి ఇచ్చేశాను. ఆమె తిననంది, ఖాలాకు తెలియకుండా కుక్కకు వేశాం.

మాంజా రోజు వచ్చింది. ఖాలా ఇల్లంతా ఆడవాళ్ళు, పసుపు దుపట్టాలు, ఊదు పొగ. నన్నీ తల వంచుకుని చౌకీ పీట మీద కూర్చుంది. ఆ రోజు పెళ్ళికూతురు తల ఎత్తకూడదు, నోరు విప్పకూడదు. గాజుల ముసలామె కూడా తొడగడానికి వచ్చింది. నన్నీ చేతికి సగం జోడా ఎక్కించింది. నేను మహారాణిలా ముందుకొచ్చి చెయ్యి చాపాను. ఖాలా నా చెయ్యి ముట్టుకుని, జిడ్డుగా ఉండేసరికి, "పైలే హాతాఁ ధోలేవ్, బేటా" అంది. చిక్సా రాసే చెయ్యి శుభ్రంగా ఉండాలని శనగపిండి ఇచ్చి మోచేతుల దాకా రుద్ది కడిగించింది. తుడుచుకుని వచ్చి మళ్ళీ చెయ్యి చాపాను.

గాజు బొటనవేలి ఎముక దగ్గర ఆగిపోయింది. ముసలామె నా వేళ్ళను దగ్గరికి మడిచింది, నొక్కింది, మెలి తిప్పింది. ఆగిన చోటి నుంచి గాజు కదల్లేదు. నిన్న ఎక్కిందే, మొన్న ఎక్కిందే అని నేను అంటూనే ఉన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళలో సగం మంది నా మాట నమ్మి పొడి తాగుతున్నవాళ్ళే, అందరూ మెడలు సాచి చూస్తున్నారు. అగర్‌బత్తీ పాపం మంచి పిల్ల, ఎటో చూస్తూ కూర్చుంది. కానీ ఆ సన్నటి చెయ్యి ఒళ్ళో సిద్ధంగా ఉంది. ఖాలా నన్ను చూసి, ఆమెను చూసి, నిట్టూర్చింది.

అప్పుడు మా వదినకు వెలిగింది. స్నో రాస్తే ఎక్కుతుంది అని పైకే అనేసి, కిటికీ దగ్గరికి ఉరికి, సీసా అందియ్యమని అమ్మను కేకేసింది. అవతల నుంచి అమ్మ గొంతు ఇల్లంతటికీ వినబడింది. "ఇంకెక్కడి సీసా పిల్లా, బర్రె పొదుగు పగిలింటే మొత్తం దానికే రాసిన. దానికి మంచిగ పనిచేస్తుంది."

ఆడవాళ్ళు నవ్విన నవ్వుకు ఊదు పొగ చెదిరింది. నాకు మాత్రం అప్పుడు అంతా ఒక్కసారిగా అర్థమైంది. గాజు ఎక్కింది పొడి వల్ల కాదు, స్నో జిడ్డు వల్ల. ముఖం తెల్లబడింది స్నో వల్ల కాదు, పొడి చేసిన నీరసం వల్ల. నెల రోజులుగా దానికి ఇది సాక్ష్యం చెప్పింది, దీనికి అది సాక్ష్యం చెప్పింది, మధ్యలో నేను తీర్పులిచ్చాను. ఇక పక్కన కూర్చునేది ఎట్లాగూ లేదు. కళ్ళనీళ్ళు కారుతుంటే అగర్‌బత్తీకి దారి ఇద్దామని లేచాను.

నన్నీ తల ఎత్తింది. నా కొంగు పట్టుకుని, అంతమంది ముందు నోరు విప్పింది.

"యాడికే. నాకు మొదటి రోజే ఎరుకైంది, స్నో పెట్టుకోని వస్తున్నవ్, గాజు జారుతుందని. నువ్వేడ సన్నగైనవ్."

"మరి నాకు చెప్పొద్దా," అన్నాను ఏడుస్తూనే.

"చెప్తే రేపటి నుంచి వస్తుంటివా? పెద్ద సైజు కొంటే ఆ దినమే ఎక్కుతుండె, పెట్టెల పెట్టి మూస్తుంటిమి. నువ్వు నీ బర్రెల కాడ ఉంటుంటివి, నేను ఇక్కడ గోడ చూసుకుంట కూసుంటుంటి. గిట్లనన్న రోజు ఒకసారి వస్తవ్ కదా అని చిన్నయి తీసుకున్న."

ఖాలా కోప్పడదామని నోరు తెరిచి, ఎందుకో మళ్ళీ మూసుకుంది. నన్నీ తన ముందున్న గిన్నెలోంచి చిక్సా ముద్ద పిడికెడు తీసి, పెళ్ళికూతురికి రాయాల్సినదాన్ని నా చేతికి మోచేతి దాకా పులిమింది. నూనె బాగానే కలిపారు. నా బొటనవేలిని అరచేతిలోకి మడిచి, పళ్ళు బిగించి, ఒక్కొక్క గాజే నెట్టింది. చర్మం మండింది, ఎముక విరుగుతుందనుకున్నాను, అయినా అన్నీ ఎక్కాయి. నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఖాలా అగర్‌బత్తీని రెండో పక్కన కూర్చోబెట్టి గిన్నె ఆమె చేతికిచ్చింది. ఆ రోజు నన్నీ ముఖానికి నేను చిక్సా రాస్తే, ఆమె నా ముఖానికి కూడా రాసింది. రివాజులో అది లేదు. నా నలుపు, ఆ పసుపు కలిసి ఏ రంగైందో చెప్పడానికి మా ఎదురింటి ముసలమ్మకు కూడా మాట దొరకలేదు.

పెళ్ళి విందులో నెల రోజుల ఆకలి తీరా తిన్నాను. పొడి మానేసిన వారానికి నా రంగు నాకు తిరిగొచ్చింది, ఒళ్ళూ వచ్చింది, గల్లీలో లొల్లి కూడా తిరిగొచ్చింది. నన్నీ మాత్రం రైలెక్కి పోయింది. స్టేషన్‌కు ఆడవాళ్ళు రాకూడదన్నారు, కిటికీ దగ్గరే చేతులు పట్టుకున్నాం. గాజులకు గాజులు తగిలాయి.

ఆ గాజులు ఇక నా చేతి నుంచి దిగలేదు. సబ్బు, నూనె, మీగడ, అన్నీ అయ్యాయి. ఇట్లాంటప్పుడు పగలగొట్టెయ్యాలని వదిన అంటే అమ్మ వద్దంది, వాటంతటవే పోతాయిలే అంది. పాలు పిండేటప్పుడు, గడ్డి మోసేటప్పుడు ఒక్కొక్కటే చిట్లి రాలిపోయేవి. వానాకాలం ముగిసే వేళ ఆఖరిది పాల చెంబులో పడింది. అమ్మ పాలను బట్టలో వడగట్టి, ఎర్రటి ముక్కలను పక్కన పెట్టి, చెయ్యి తేలికైందా బిడ్డా అని అడిగింది. అయింది అన్నాను. సన్నబడడమంటే ఇదేనేమో అనిపించింది, అంత కష్టపడి కోరుకున్నదే అయినా నాకు ఏమంత బాగనిపించలేదు.

ఇప్పుడు ఈ వయసులో నా మణికట్టు పుల్లలాగే ఉంది. ఏ డబ్బా, ఏ సీసా అక్కర లేకుండా నన్నీ సైజు గాజులు పొడి చేతికే ఎక్కుతాయి. చెయ్యి దించితే ఒక్కోసారి జారి నేల మీద పడతాయి. అప్పుడు వంగి తీసుకుంటూ, లావుగా ఉన్న ఆ పిల్లను తలుచుకుని నాలో నేనే నవ్వుకుంటాను.